అదృశ్య వస్త్రం చేనుకు కాపలా కాయదు

అనంతపురం జిల్లా రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో మళ్లీ మళ్లీ తిరుగుతున్నది. పొదల ముందు నిలబడిన మనిషి పలుచని గుడ్డను అడ్డం పట్టుకోగానే మాయమవుతాడు, వెనుక పొదలు మాత్రం కనిపిస్తాయి. ఈ వస్త్రం త్వరలో అమ్మకానికి వస్తుందనీ, దాన్ని కప్పుకొని మంచె మీద కూర్చుంటే అడవిపందులకు కనబడమనీ, లారీలను, కరెంటు తీగలను కూడా దానితో మాయం చేయవచ్చుననీ కింద రాశారు. వేరుశనగ చేనును పందులకు పోగొట్టుకున్న రైతు దీన్ని నమ్మి ఎవరికైనా బయానా కట్టకూడదన్నదే నా ఆందోళన.

ఆ వీడియో 2017 డిసెంబరులో చైనాలో ప్రచారమైనది. ఒకే రంగు గుడ్డను వాడి, ముందే తీసిపెట్టుకున్న ఖాళీ పొదల దృశ్యాన్ని ఆ రంగు ఉన్నచోటల్లా కంప్యూటర్‌లో అతికిస్తే అలాగే కనిపిస్తుంది. టీవీలో వాతావరణ వార్తలు చెప్పేవారి వెనుక పటం వచ్చేదీ ఈ పద్ధతిలోనే.

శాస్త్రవేత్తలు 2006లోనే దీన్ని సాధించారన్న మాటలో కొంత నిజం ఉన్నది. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జాన్ పెండ్రీ సిద్ధాంతం ఆధారంగా అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్మిత్ బృందం ఒక చిన్న రాగి స్తంభం చుట్టూ మెటామెటీరియల్ (తరంగాలను కోరిన దారిలో వంచేలా మనిషి తయారుచేసిన పదార్థం) వలయాలు అమర్చి, మైక్రోవేవ్ తరంగాలు దాన్ని చుట్టి అవతలికి సాగిపోయేలా చేసింది. అయితే ఆ తరంగం పొడవు సుమారు మూడున్నర సెంటీమీటర్లు; కంటికి కనిపించే వెలుగు తరంగం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు, దానికి తగినంత సూక్ష్మంగా అటువంటి వలయాలు చేయడం చాలా కష్టం. పైగా ఆ వలయాలు ఒక్క పౌనఃపున్యం దగ్గరే బాగా పనిచేశాయి, పగటి వెలుగులోనేమో వేర్వేరు పౌనఃపున్యాలున్న అన్ని రంగులూ కలిసి ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, వెలుగంతా పక్కకు మళ్లిపోతే లోపలున్న మనిషి కంటికి ఏదీ చేరదు. చేను చూడలేని మనిషి చేనుకు కాపలా ఎలా కాస్తాడు?

అడవిపంది చూపు మందం, ముక్కు చురుకు. అది ఎక్కువగా రాత్రిపూట వాసన పట్టుకొని వస్తుంది కనుక మనిషి కనబడకపోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. మన రైతులు చేను చుట్టూ పాత చీరలు కట్టేది కూడా అక్కడ ఏదో ఉన్నదని పందికి తెలియడానికే.

లారీ విషయంలో మాత్రం ఆ సందేశం ఒక మంచి ఆలోచన దగ్గరకు వచ్చి దారి తప్పింది. తాడిపత్రి నుంచి బండలు మోసుకొచ్చే లారీ వెనుక ఇరుకు రోడ్డులో చిక్కుకున్నవారికి కావలసింది లారీ మాయమవడం కాదు, దాని అవతలి రోడ్డు తెలియడం. 2015లో శాంసంగ్ సంస్థ అర్జెంటీనాలో లారీ ముందు కెమెరా, వెనుక తలుపులపై తెరలు అమర్చి, ఎదురుగా వచ్చే వాహనాలను వెనుకవారికి చూపింది. లారీ లారీగానే కనబడుతూ దాని అవతలి దారిని చూపడం మీద నాకు నిజమైన ఆశ ఉన్నది. మన రోడ్లకు అటువంటిదే కావాలి.

ఇక కరెంటు తీగలు. వాటిని మాయం చేస్తే పక్షులకు ప్రమాదమే. పాత కర్నూలు జిల్లాలోని రోళ్ళపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం ఏర్పడినది. ఆ పిట్ట కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల ఎదుటనున్న సన్నని తీగ దానికి సరిగా కనబడదు. కనబడేసరికి, బరువైన పక్షి కాబట్టి చప్పున పక్కకు తిరగలేదు. రాజస్థాన్‌లో ఆ పక్షులు తీగలకు తగిలి చనిపోతున్నందువల్లనే, దూరం నుంచే తీగ తెలిసేలా అక్కడ వాటికి మెరిసే బిళ్లలు వేలాడదీస్తున్నారు.