రైఫిల్ పట్టుకోవడం నేర్పరు, పెల్లెట్లు మాత్రం కొనిపిస్తారు

ఇవాళ పొద్దున మేనకోడల్ని తీసుకుని, తను ఎయిర్ రైఫిల్ నేర్చుకునే షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను. పక్క లేన్‌లో పన్నెండేళ్ల పిల్ల, కొత్తగా చేరినట్టుంది. వాళ్ల నాన్న వెనక నుంచి ఫోన్ ఎత్తి “ఇటు తిరుగమ్మా, ఫొటో తీస్తా” అన్నాడు. పిల్ల రైఫిల్‌తో సహా తిరిగింది. బ్యారెల్, అంటే దాని గొట్టం, మా అందరి పొట్టల మీదుగా వెళ్లింది, వేలేమో ట్రిగ్గర్ మీదే ఉంది. కోచ్ ఏమన్నాడో తెలుసా? “పర్లేదు సార్, ఇంకా లోడ్ చేయలేదు.” ఒళ్లు మండిపోయింది.

లోడ్ చేయలేదని ఎవరు చూశారండీ? దానికి సేఫ్టీ ఫ్లాగ్ కూడా పెట్టలేదు. బ్యారెల్‌లో ఈ చివర నుంచి ఆ చివరకి దూర్చే సన్నని రంగు తీగ అది. బయటికి కనిపిస్తుంటే లోపల పెల్లెట్, అంటే రైఫిల్‌లో వేసే చిన్న గుండు, లేదని చూసినవాళ్లందరికీ తెలుస్తుంది. లోడ్ అయినా కాకపోయినా బ్యారెల్ టార్గెట్ వైపే ఉండాలి, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. మొదటి రోజు మొదటి మాట ఇదే కావాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ పెరిగిన హైదరాబాద్‌లో కూడా ఇది చెప్పేవాళ్లు కరువా?

చేరిన రోజే పెల్లెట్ల డబ్బా చేతిలో పెట్టి “కొట్టు, స్కోర్ చూద్దాం” అంటారు. నాలుగైదు కిలోల రైఫిల్‌ని పిల్లలు చేతి కండలతో మోస్తారు, కాసేపటికే భుజం వణుకుతుంది. అప్పుడు “గట్టిగా పట్టుకో” అని అరుస్తారు. గట్టిగా పట్టుకుంటే ఇంకా వణుకుతుంది కదా! కుడివైపు పట్టేవాళ్లకి ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనాలి, బరువు ఎముకల మీదుగా పాదాల్లోకి దిగాలి. చెంప ప్రతిసారీ ఒకేచోట ఆనాలి. గురి పెట్టాక కళ్లు మూసుకుని, ఊపిరి వదిలి, మళ్లీ తెరిచి చూడాలి. గురి పక్కకి పోయి ఉంటే రైఫిల్‌ని చేతులతో లాక్కురాకూడదు, పాదాలు జరుపుకోవాలి. ఈ ఒక్క ముక్క నేర్పితే సగం కష్టం తీరుతుంది. పది మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దాన్ని చేతుల బలంతో ఎవరు కొడతారు?

షాట్ వెళ్లాక కూడా ఒకటి రెండు క్షణాలు కదలకుండా గురిలోనే ఉండాలి. మన పిల్లలు టప్పున తల ఎత్తి స్క్రీన్ చూస్తారు. వెనక కూర్చున్న అమ్మానాన్నలు “ఎంత? ఎంత?” అంటుంటే పాపం వాళ్లేం చేస్తారు!

ఇవన్నీ పెల్లెట్ లేకుండానే నేర్చుకోవచ్చు. డ్రై ప్రాక్టీస్ అంటారు. ఎయిర్ రైఫిళ్లలో చాలావాటికి దానికోసం విడిగా ఏర్పాటు కూడా ఉంటుంది. కానీ ఖాళీ రైఫిల్‌తో గంట నిలబెడితే పెల్లెట్లు అమ్ముడుపోవుగా. పైగా వచ్చిన నెలకే “సొంత రైఫిల్ కొనండి” అని వెంటపడతారు, లక్షలు పోసి!

మా పిల్ల సంగతి తలచుకుంటే కడుపు రగిలిపోతుంది. దానిది ఎడమ కన్ను వాటం, అంటే గురి చూడ్డానికి ఎడమ కన్నే ముందుకొస్తుంది. చేతులు చాచి, వేళ్ల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారం చూస్తూ ఒక్కో కన్ను మూస్తే తెలిసిపోతుంది, అర నిమిషం పని. ఆ పరీక్ష ఎవరూ చేయలేదు. అందరిలాగే రైఫిల్ కుడి భుజానికి ఆనించి కుడి కన్నుతో గురి చూడమన్నారు. “మావయ్యా, కుడి కన్నుతో చూస్తుంటే తలనొప్పి వస్తోంది” అని అది నెలల తరబడి చెబుతోంది. వాళ్లేమో “శ్రద్ధ లేదు, ఏకాగ్రత లేదు” అని నలుగురి ముందు తిట్టారు. ఇంట్లో నేను పరీక్ష చేసి చూపిస్తే “ఎడమచేతి రైఫిల్ మా దగ్గర లేదు సార్, అలవాటు చేసుకోమనండి” అన్నారు. లేదన్న ముక్క చేరేరోజే చెప్పొచ్చుగా! ఏకాగ్రత లేదని పిల్లని ఏడిపించడం ఎందుకు? ఇప్పుడది రేంజ్ పేరెత్తితే ముఖం ముడుచుకుంటోంది. వచ్చే నెల ఫీజు అక్కడ కట్టేది లేదు. ఎడమచేతి రైఫిల్ ఉన్న రేంజ్ ఎక్కడైనా తెలిస్తే చెప్పండి, ఎంత దూరమైనా తీసుకెళ్తాను.