సవరణ: ఆ టకటక డ్రమ్ మెషీన్‌ది కాదు, కాళ్లది

కెనడాలోని క్యుబెక్‌లో పాత ఫ్రెంచ్ జానపదాలను ఎలక్ట్రానిక్ సంగీతంతో కలిపి పాడే మెలిసాండ్ బృందం గురించి మొన్న రాశాను. అందులో, క్యుబెక్ జానపదాల్లో వినిపించే టకటక శబ్దం డ్రమ్ మెషీన్లు వచ్చాక చేరిందని అన్నాను. అది తప్పు.

అది కాళ్లతో వేసే తాళం. అక్కడ దాన్ని పోడోరిత్మీ అంటారు. వాయించే మనిషి కుర్చీలో కూర్చుని, గట్టి అడుగున్న బూట్లతో, మడమ ఒకసారి, మునివేళ్లు ఒకసారి చెక్క పలక మీద కొడుతూ ఉంటాడు. పైన చేతుల్లో ఫిడేలు ఆగదు. డోలు లేని ఇంట్లో కూడా జనం ఆడటానికి ఆ ఒక్క మనిషి చాలు! క్యుబెక్ సంగీత చరిత్ర మీద వచ్చిన రాతలు చదివి, పాత వాయిద్యకారుల వీడియోలు చూశాక ఈ సంగతి తెలిసింది. 1976లో మొదలైన లా బొటిన్ సూరియాంత్ అనే క్యుబెక్ జానపద బృందం పాటల్లోనూ ఈ తాళమే వినిపిస్తుంది. సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటే.

ఇంకో మాట. "ఫ్రెంచ్ పాటలు" అని రాస్తే అన్నీ ఫ్రాన్స్‌వే అని కొందరు అనుకున్నారు. 17వ శతాబ్దం నుంచి వలస వచ్చినవాళ్లతో చేరినవి చాలానే ఉన్నాయి. కానీ అడవుల్లో కలప కొట్టే కూలీల శిబిరాల గురించి అక్కడే పుట్టిన పాటలూ ఉన్నాయి. ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్లు వంత పాడే పద్ధతి ఆ పాటల్లో మామూలే. పాత పోస్టులో ఆ వాక్యాలు మార్చాను.