సవరణ: 2014 నాటి ఓటు పాలస్తీనాకు గుర్తింపు కాదు

బ్రిటన్ పార్లమెంటు 2014లోనే పాలస్తీనాను గుర్తించిందని మా గత పోస్టులో ఉన్న వాక్యాన్ని తొలగించాం. ఆ ఏడాది అక్టోబరు 13న పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ 274–12 ఓట్లతో ఆమోదించింది, పాలస్తీనాను గుర్తించాలని ప్రభుత్వాన్ని కోరుతూ లేబర్ పార్టీ సభ్యుడు గ్రాహమ్ మోరిస్ తెచ్చిన తీర్మానాన్ని. మంత్రులు ఓటింగుకు దూరంగా ఉన్నారు. ప్రభుత్వం దానికి కట్టుబడాల్సిన అవసరమూ లేదు. మరో దేశాన్ని గుర్తించడం అక్కడ ప్రభుత్వం చేతిలోని పని. సభ గట్టిగా అడగగలదు, అంతవరకే. అసలు గుర్తింపు 2025 సెప్టెంబరు 21న ప్రధాని కీర్ స్టార్మర్ ప్రకటనతో వచ్చింది.

ఆయుధాల సంగతి కూడా: 2024 సెప్టెంబరులో బ్రిటన్ నుంచి ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులన్నీ ఆగిపోలేదు. అప్పటి విదేశాంగ మంత్రి డేవిడ్ లామీ సభలో ప్రకటించింది సుమారు 350 ఎగుమతి లైసెన్సుల్లో 30 వరకు నిలిపివేత మాత్రమే. ఎఫ్-35 యుద్ధ విమానాల విడిభాగాలకు చాలావరకు మినహాయింపు దక్కింది. ఈ మినహాయింపును కొందరు ఎంపీలు నిలదీశారు.