రేంజి అంకె గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ రేంజి అంకె గారి దివ్యసముఖానికి,

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సునాబెడ నుంచి తమ దాసుడు రాసుకొనే విన్నపం. తమరు క్షేమమని వేరే చెప్పక్కర్లేదు. పొద్దున నా కరెంటు కారు ప్లగ్గు తీసేసరికి, ఇంకా ఇన్ని కిలోమీటర్లు పోవచ్చంటూ డాష్‌బోర్డు మీద 214 అని వెలిగిపోతుంటారు. నా క్షేమం మాత్రం ఘాట్ మొదలయ్యేదాకానే.

కొన్నప్పుడు కాగితం మీద తమరు 300 పైమాటే. బండిని రోలర్ల మీద తిప్పి, ఏసీ కట్టేసి, వేగం 90 దాటనివ్వకుండా తీసిన లెక్క అదని తర్వాత తెలిసింది. పెళ్లిచూపుల ఫొటో అనుకుని సరిపెట్టుకున్నాను.

నా గొడవ మొన్న మే నెలలో విజయనగరం వెళ్లొచ్చిన సంగతి. మేముండేది సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున. పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగుతుంటే యాక్సిలరేటర్ జోలికే పోలేదు. మోటారే జనరేటరై బ్యాటరీలోకి కరెంటు ఎక్కిస్తుంటే తమరు కళ్లముందే ఉబ్బారు. కొండ మీది పొట్టంగిలో కన్నా ఘాట్ దిగాక వచ్చే సాలూరులో ఎక్కువ! మామగారింట్లో ఈ వింత ముగ్గురికి చెప్పాను. నాలుగోవాడు నన్ను చూసి లేచి వెళ్లిపోయాడు.

అదీ రెండోసారికి వచ్చిన తెలివే. మొదటిసారి పొట్టంగిలో స్నేహితుడింట రాత్రంతా ప్లగ్గు పెట్టి, 100 శాతం నింపుకుని దిగాను. నిండిన కుండలో ఇంకెక్కడ పోస్తాం? దిగుడు కరెంటుకి చోటు లేక బ్రేకులు మాడు వాసన కొట్టాయి.

ఇక తిరుగు ప్రయాణం. సాలూరులో 186 అన్నారు. వెనక సీట్లో అత్తగారు, డిక్కీలో రెండు బుట్టల మామిడికాయలు. ఘాట్‌లో పాతిక కిలోమీటర్లు ఎక్కేసరికి తమరు 60 మింగి కూర్చున్నారు. భయపడి ఏసీ కట్టేశాను. "ఏసీ కారు కొని అమ్మ చేతికి విసనకర్ర ఇచ్చారేంటండీ?" అంది మా ఆవిడ. పొదుపని 30లో పోతుంటే, లోడు లారీ ఒకటి మమ్మల్ని దాటి మరీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి "గాడి ఖరాప్ హెలా కి, ఆజ్ఞా?" అన్నాడు. బండి పాడైందా అని. ఇంత మర్యాదగా నన్నెవరూ అవమానించలేదు.

మర్నాడు కాగితం, పెన్సిలు తీశాను. టన్నున్నర బండిని 700 మీటర్లు పైకెత్తడానికే దగ్గర దగ్గర 3 యూనిట్లు. దాన్ని ఏ డ్రైవరూ తప్పించలేడు. ఏసీ ఆ సేపట్లో తాగేది ఒక్క యూనిట్ కూడా కాదు. అత్తగారిని ఉడకబెట్టి నేను మిగిల్చింది మహా అయితే ఆరేడు కిలోమీటర్లు! తగ్గించగలిగింది వేరే చోట ఉంది. రామభద్రపురం రోడ్డు మీద బావమరిది కవ్వించాడని 100లో కొట్టాను. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు. అది తెలిసీ కొట్టాను. టైర్లలో గాలి చూపించి రెండు నెలలైంది. ఎండలో కాగిన బండెక్కి ఏసీ వేశాను. మామగారింట ప్లగ్గులో ఉండగానే వేసి ఉంటే ఆ చల్లదనం ఆయన కరెంటు బిల్లులో పడేది. (ఈ వాక్యం ఆయనకు చూపించకండి.)

తమరి మీద ఫిర్యాదు ఒక్కటే. ఇందాకటి నడక చూసి ముందున్న దూరం చెబుతారు. దిగుతుంటే లోకమంతా దిగుడే, ఎక్కుతుంటే లోకమంతా ఎక్కుడే. ముందర కొండుందని పొట్టంగి మేకలకి తెలుసు, తమరికి తెలియదు. పోనీ, "సుమారుగా" అన్న ముక్క పక్కన పెట్టుకోకూడదా?

ఇట్లు,
అత్తగారు ఇంకా మాట్లాడని అల్లుడు

తా.క. ఆ రోజు సెమిలిగూడ దగ్గర మా ఆవిడ నుదుటి మీది స్టిక్కరు బొట్టు తీసి, సరిగ్గా తమరి నెత్తిన అంటించి, ఏసీ వేసేసింది. ఇంటి ముందు బండి ఆపాక, అందరూ దిగి వెళ్లేదాకా ఆగి, గోటితో బొట్టు అంచు లేపి చూశాను. 92.