బ్యాటరీ అరిగితే ఫోన్ మొత్తం పారేయాలా?

నా ఫోన్ స్క్రీన్ మీద ఒక్క గీత లేదు. కెమెరా, స్పీకర్ అన్నీ బాగున్నాయి. పొద్దున ఫుల్ చార్జింగ్ పెడితే మధ్యాహ్నానికల్లా ఆగిపోతోంది, అంతే. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఏమన్నారో తెలుసా? "వెనక గ్లాస్ జిగురుతో అతికించి ఉంటుందండీ, వేడి చేసి ఊడదీయాలి. పగిలితే మా బాధ్యత కాదు. కొత్తది తీసుకోవడం బెటర్." మూడేళ్లు కూడా నిండని ఫోన్ అది!

బ్యాటరీ అరగడం ఎవరి తప్పూ కాదు. లిథియం అయాన్ బ్యాటరీ స్వభావమే అంత. చార్జింగ్ ఎక్కి దిగిన ప్రతిసారీ కొంచెం లిథియం లోపలే చిక్కుకుపోయి పనికిరాకుండా పోతుంది. వేడి తగిలితే ఇంకా తొందరగా. కొన్ని వందల సార్లు చార్జ్ చేసేసరికి తేడా తెలిసిపోతుంది. ఈ సంగతి తయారుచేసేవాళ్లకి మనకంటే బాగా తెలుసు. ముందుగా పోయేది ఇదేనని తెలిసి కూడా, మన చెయ్యి పడకుండా దాన్నే జిగురేసి బిగిస్తున్నారు. నా కోపమంతా అక్కడే.

ఫోన్ లోపలికి నీళ్లు పోకుండా ఉండాలంటే సీల్ చేయక తప్పదంటారు. 2014లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్5కి వెనక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చుకోవచ్చు. అయినా దానికి ఐపీ67 రేటింగ్ ఉంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. సీల్ చేస్తే ఫోన్ సన్నగా వస్తుంది, నిజమే. ఆ సన్నదనం నాకొద్దు.

ఇయర్‌బడ్స్ సంగతైతే ఇంకా అన్యాయం. గోరంత బ్యాటరీ పోతే రెండూ చెత్తబుట్టలోకే.

యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకోగలగాలి. మామూలు స్క్రూడ్రైవర్లు చాలాలి, వేడి చేయడాలూ రసాయనాలూ ఉండకూడదు. ఆ మోడల్ అమ్మకం ఆగాక కూడా 5 ఏళ్లు బ్యాటరీలు దొరకాలి. ఇది చదివి ఎంత సంతోషించానో! కానీ ఫోన్లకి విడిగా ఉన్న నిబంధనల్లో ఒక సందు వదిలారు. 1000 సార్లు చార్జ్ చేశాక కూడా బ్యాటరీ సామర్థ్యంలో 80 శాతం మిగిలి, ఫోన్ నీళ్లకి తట్టుకుంటే, మార్చే పని టెక్నీషియన్లకే వదిలేయొచ్చట. మంచి బ్యాటరీ వేయమనండి, కాదనను. అదీ ఒకరోజు పోయేదేగా? అప్పుడు మళ్లీ ఆ జిగురు, ఆ వేడి, ఆ "మా బాధ్యత కాదు".

నా ఫోన్ ఇంకా సొరుగులోనే ఉంది. చార్జర్ తగిలించి ఉంచితే ఇప్పటికీ చక్కగా ఫోటోలు తీస్తుంది.