ఆ పసుపుపచ్చ పేజీని జర కిందిదాక చదువుండ్రి

ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే, జాంగోతోని (పైథాన్‌ల వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టు చేసేటోళ్లయి హన్మకొండ నుంచి కరీంనగర్ దాక అన్ని గ్రూపుల ఒకటే ఫోటో. ల్యాప్‌టాప్ స్క్రీన్‌ను ఫోన్‌తోని వంకరగ కొట్టి, పసుపుపచ్చ పట్టీ మీద ‘టెంప్లేట్ డజ్‌నాట్ ఎగ్జిస్ట్’ (పేజీ రూపు రాసిన హెచ్‌టీఎంఎల్ ఫైలు, అంటే టెంప్లేట్, దొరుకలేదని), కింద ‘అన్నా, అర్జెంట్’. జవాబు ఉన్న సగాన్నే కోసి పారేస్తరు.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఆ పేజీల కిందికి పోతే ‘టెంప్లేట్ లోడర్ పోస్ట్‌మార్టమ్’ అని ఉంటది. ఫైలు కోసం జాంగో ఏయే ఫోల్డర్ల ఎతికిందో వరుసగ రాసిపెడతది. మీ యాప్ దారి ఆ వరుసల లేనే లేదా? సెట్టింగ్స్ ఫైల్ల ‘ఇన్‌స్టాల్డ్ యాప్స్’ లిస్టుల యాప్ పేరు చేర్చలేదు, లేకపోతే ‘టెంప్లేట్స్’ ఫోల్డర్‌కు చివర ఎస్ ఎగిరిపోయింది. దారి ఉండి ఫైలే లేదంటుందా? విండోస్ ఎక్స్‌టెన్షన్ దాచిపెడతది గద, మీ హెచ్‌టీఎంఎల్ ఫైలు ఎనక ‘డాట్ టీఎక్స్‌టీ’ తగిలించుకొని కూసుంటది. ల్యాప్‌టాప్‌ల నడిచి సర్వర్‌ల నడవకపోతే పేర్ల పెద్దక్షరం, చిన్నక్షరం చూడుండ్రి. విండోస్‌కు రెండూ ఒకటే, లినక్స్‌కు కాదు.

‘ఇన్‌వాలిడ్ బ్లాక్ ట్యాగ్, స్టాటిక్’ అంటే, బేస్ ఫైల్ల (మిగిలిన పేజీలకు తల్లి టెంప్లేట్) ‘లోడ్ స్టాటిక్’ రాసినం గద అంటరు. అది పిల్ల టెంప్లేట్‌కు దిగిరాదు. ప్రతి ఫైల్ల మళ్ల రాయాలె, అదీ ఎక్స్‌టెండ్స్ లైన్ కిందనే. ‘కుడ్ నాట్ పార్స్ ద రిమైండర్’ వచ్చిందా? టెంప్లేట్‌ల ‘ఆల్’ ఎనక పైథాన్ అలవాటున బ్రాకెట్లు పెట్టిన్రు, లేదా ఇఫ్‌ల డబుల్ ఈక్వల్స్‌కు అటిటు స్పేస్ మరిచిన్రు.

ఇంకోటి మస్తు మంది పడే గుంత. ఎర్రర్ ఇచ్చే యూఆర్ఎల్ ట్యాగును హెచ్‌టీఎంఎల్ కామెంట్‌ల పెట్టి, పోయింది పీడ అనుకుంటరు. ఆ కామెంట్ బ్రౌజర్‌కే. జాంగో దాని లోపలి ట్యాగును సక్కగ నడిపి అదే ఎర్రర్ మళ్ల మొఖాన కొడతది. ఫ్లవర్ బ్రాకెట్ల నడుమ హ్యాష్ పెట్టే జాంగో కామెంట్ వాడుండ్రి.

ఇవన్నీ నయమే, మొత్తుకొనన్న చెప్తయి. అసలు దొంగ సప్పుడు చెయ్యని తప్పు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ పత్తి, మిర్చి ధరల పేజీ అనుకోండ్రి. వ్యూ (పేజీకి డేటా అందించే పైథాన్ కోడ్) ధరలను ‘రేట్స్’ అనే పేరుతోని పంపుతది, టెంప్లేట్ ‘రేట్ లిస్ట్’ మీద ఫర్ లూప్ తిప్పుతది. ఎర్రర్ రాదు. పట్టిక తలకాయ ఒక్కటే కనబడతది, కింద ఒక్క వరుస ఉండది. లేని వేరియబుల్‌ను జాంగో ఖాళీ కింద లెక్కగడతది. మనోళ్లేమో డేటాబేస్ ఖరాబైందని మైగ్రేషన్లు (డేటాబేస్ మార్పులు రాసుండే ఫైళ్లు) డిలీట్ చేసుడు షురూ చేస్తరు, అప్పటిదాక మంచిగున్నదాన్ని సుత.

టెంప్లేట్స్ సెట్టింగ్ ఆప్షన్స్‌ల ‘స్ట్రింగ్ ఇఫ్ ఇన్‌వాలిడ్’కు ఏదన్న గుర్తు ఇచ్చి చూడుండ్రి. లేని వేరియబుల్ అచ్చయ్యే కాడ ఆ గుర్తు పడతది. ఫర్, ఇఫ్ ట్యాగుల అది పనిచెయ్యది కాబట్టి, లూప్‌కు పై లైన్ల ఆ వేరియబుల్‌ను ఉత్తగనే ఒకసారి అచ్చు కొట్టించాలె. పనైనంక ఆ సెట్టింగ్ తీసెయ్యుండ్రి, అడ్మిన్ పేజీలు ఆగమైతయి.

లింకు అడ్రస్ కట్టలేకపోతే జాంగో ఇచ్చే ‘నో రివర్స్ మ్యాచ్’ ఎర్రర్‌ల, ఆర్గ్యుమెంట్స్ కాడ రెండు కోట్స్ నడుమ ఏం లేకపోతే ఇదే దొంగ ఇంకో వేషంల వచ్చినట్టు. యూఆర్ఎల్స్ ఫైలు తవ్వకుండ్రి. మీరు పంపిన ఐడీనే ఖాళీ.