స్టేషన్ దిగాక నడిచే దారేదీ?

హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో హాయిగా వచ్చేస్తాం, అసలు టెన్షన్ మెట్లు దిగాకే మొదలవుతుంది. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని దాటితే వరసగా బైకులు, అవీ దాటితే తవ్వి వదిలేసిన గొయ్యి. చివరికి పిల్లల చెయ్యి పట్టుకుని రోడ్డు మీదకే దిగి, వెనకొచ్చే బస్సుని చూసుకుంటూ నడవాలి. 2017 నవంబరులో మొదలై మూడు లైన్లు కలిపి 69 కిలోమీటర్లకు పెరిగిన మెట్రో ఈ నగరానికి చాలా మేలు చేసింది. ఆ మేలు స్టేషన్ గేటు దగ్గరే ఆగిపోతోందన్నదే మా బాధ.

అదే అమీర్‌పేటను ఇంకోలా కూడా చూడాలి. కోచింగ్ సెంటరు, హాస్టల్, మెస్, జిరాక్స్ షాపు, టిఫిన్ బండి, మందుల షాపు అన్నీ నాలుగు గల్లీల్లోనే ఉన్నాయి. కోర్సు చేయడానికి జిల్లాల నుంచి వచ్చిన కుర్రాడు బండి లేకుండానే అక్కడ నెలలు గడిపేస్తాడు. సుల్తాన్ బజార్, పత్తర్‌గట్టి, చిక్కడపల్లి మొదట్నుంచీ ఇలాంటివే: కింద మల్గీ, అంటే దుకాణం, పైన ఇల్లు, ఉప్పు అయిపోతే కిందకి దిగి తెచ్చుకోవడం. ఇల్లు, పని, బజారు ఒకచోట ఉండే పేటల్ని ఎవరో విదేశాల నుంచి తెచ్చి మనకు నేర్పక్కర్లేదు, నేర్చుకున్నదాన్ని మనమే వదిలేశాం.

వదిలేసి ఎక్కడికి వెళ్లామో నగరం పశ్చిమ అంచున ఉన్న కోకాపేటలో కనబడుతుంది. 2023లో అక్కడి ప్రభుత్వ భూమి వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆకాశాన్నంటే టవర్లు లేస్తున్నాయి, ఒక్కో టవర్లో ఒక ఊరంత జనం ఉంటారు. రైలేమో రాయదుర్గంలోనే ఆగింది, అక్కడి నుంచి కోకాపేటకు 11.6 కిలోమీటర్ల లైను రెండో దశ ప్రతిపాదనలో ఉంది. జనం ముందు, రైలు తర్వాత. అప్పటికి ప్రతి ఇంట్లో రెండు కార్లుంటాయి, అలవాటు ముదిరిపోతుంది.

దీని వెనక అంతగా చర్చకు రాని కారణం ఒకటుంది. చాలా నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్‌ఎస్‌ఐ లెక్క ఉంటుంది, కాబట్టి స్టేషన్ పక్కన కడితే ఎక్కువ అంతస్తులిస్తామని ఆశ చూపొచ్చు. కేంద్రం 2017లో తెచ్చిన విధానం కూడా స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్లలో ఇళ్లు, ఆఫీసులు, దుకాణాలు చిక్కగా రావాలనే చెప్పింది. హైదరాబాద్‌లో ఆ లెక్కనే 2006లో జీవో 86 తీసేసింది. రోడ్డు వెడల్పుగా ఉండి, చుట్టూ తగినంత ఖాళీ వదిలితే ఎక్కడైనా ఎంత ఎత్తైనా కట్టుకోవచ్చు. ఇంక స్టేషన్ పక్కన చిన్న చిన్న స్థలాలు కూడగట్టుకునే తిప్పలు బిల్డర్‌కెందుకు? ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర పెద్ద స్థలం, పెద్ద రోడ్డు రెండూ దొరుకుతుంటే అక్కడికే పోతాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు, రూలు అలా ఉంది, మార్చాల్సింది రూలునే. రైలూ పెద్ద బస్సు మార్గమూ లేని చోట ఎత్తుకు హద్దు పెట్టాలి, లేదా గట్టి రుసుము వేసి ఆ డబ్బుతో స్టేషన్ల చుట్టూ ఫుట్‌పాత్‌లు వేయాలి. స్టేషన్‌కు నడిచే దూరంలో కట్టేవాళ్లకు కారు పార్కింగ్ నిబంధన సడలించాలి, ఎందుకంటే ఇవాళ సెల్లార్ల తవ్వకానికయ్యే ఖర్చంతా ఫ్లాటు ధరలోకే ఎక్కుతోంది, కారు లేనివాడు కూడా దాన్ని కట్టుకోవాల్సి వస్తోంది.

గేటెడ్ కమ్యూనిటీల గోడల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గోడకి అవతల స్టేషన్ కనబడుతూనే ఉంటుంది, చేరాలంటే మాత్రం కిలోమీటరు చుట్టు తిరగాలి. కొత్త లేఅవుట్లలోనైనా జనం నడిచే అడ్డదారి వదలకుండా అనుమతి ఇవ్వకూడదు.

ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డం లేకుండా ఉండాలని రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏనాడో రాసింది. ఫుట్‌పాత్ పాదచారుల హక్కని, అది జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి మాట రాగానే మన దగ్గర ముందుగా తోపుడు బండ్లవాళ్లను ఖాళీ చేయిస్తారు, అది తప్పు. వాళ్లకు చోటు చూపించాలని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టమే ఉంది. రాత్రి తొమ్మిదింటికి స్టేషన్ దిగిన ఆడపిల్లకు పెద్ద ఆఫీసు ప్రహరీ పక్కన నడవడం కంటే పూలమ్మే ఆమె, మిర్చి బండి, వెలుగుతున్న దుకాణాలు ఉన్న దారే ధైర్యం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం, చాలా మంచి పని, కానీ బస్టాపు దాకా ఆమె నడవాల్సిన దారి మాత్రం మారలేదు.

మెట్రో మొదటి దశను, దాన్ని కట్టిన ఎల్ అండ్ టీ కంపెనీ నుంచి తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అలా చేతికొచ్చే స్థలాల్లో మళ్లీ మాల్స్ మాత్రమే కట్టొద్దు. స్టేషన్ రాగానే చుట్టూ అద్దెలు పెరిగి ముందుగా దూరం వెళ్లిపోయేది ఇళ్లలో పనిచేసేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, డెలివరీ కుర్రాళ్లు, అంటే బస్సు, రైలు లేకపోతే రోజు గడవని వాళ్లే. వాళ్లు కట్టుకోగల అద్దెకు చిన్న ఇళ్లు అక్కడే కట్టాలి.

ఆంధ్రప్రదేశ్‌లో కూడా విశాఖలో 46 కిలోమీటర్లు, విజయవాడలో 38 కిలోమీటర్లు మొదటి దశ మెట్రోలకు ప్రతిపాదనలు సిద్ధమయ్యాయి. గాజువాకలోనో మద్దిలపాలెంలోనో స్టేషన్ వస్తుందంటే, దాని చుట్టూ 800 మీటర్లలో ఏ గల్లీలో ఫుట్‌పాత్ వేస్తారు, ఏ గోడ తెరుస్తారు, చిన్న ఇళ్లు ఎక్కడొస్తాయి అన్న మ్యాపు గీసి, స్తంభాలు లేవకముందే వార్డు సచివాలయం గోడకు అతికించాలని మేం అడుగుతున్నాం.